రెండు వేళ్ళ కొసరు

మా ఆయన విల్లులు రెండు, జురాంగ్ వైపున్న ఒక విలువిద్య మైదానంలో పదకొండో నంబరు బీరువాలో ఉండేవి. ఆయన పోయింది 2022 అక్టోబరు 9న. ఆ తర్వాత బీరువా తాళం నేను ఆరుసార్లు తీశాను. ఆరుసార్లూ గుడ్డతో తుడిచి, మళ్ళీ అలాగే వేలాడదీసి వచ్చాను.

ఈ ఏడాది జూన్ 28న మైదానం చూసుకునే చైనీయుడు ఫోన్ చేశాడు. యాభై దాటిన మనిషి, ఇంగ్లీషులోనే మాట్లాడతాడు, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర ‘లా’ అంటాడు. మా ఆయనకు ఎనిమిదేళ్ళు బాణాలు వేయడం చూపించినవాడు.

“ఆంటీ, విల్లుని ఊరికే వేలాడదీస్తే తాడు చచ్చిపోతుంది లా. రెండూ ఎందుకు మీకు? ఒకటి వాడేవాళ్ళకి ఇవ్వండి. ఒక అమ్మాయి అడుగుతోంది. మీ మనిషే, తెలుగు. ఆగస్టులో మొగుడితో ఆస్ట్రేలియా వెళ్తుందట, వేటకి.”

ఇస్తానన్నాను. ఏది ఇవ్వాలో రెండూ పోల్చి చూసి చెబుతానన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చిన మరుక్షణం నాకు భయం వేసింది. ఎందుకంటే నేను అట్టేపెట్టుకోవాలనుకున్నది కొత్తదాన్ని. సరిగ్గా పోల్చి చూపిస్తే ఆ అమ్మాయి కోరుకునేదీ కొత్తదే.

ఇవి పటాల్లో రాముడి చేతిలో కనిపించే విల్లులాంటివి కావు. వీటిని కాంపౌండ్ విల్లులంటారు. రెండు కొసలా చక్రాలుంటాయి. తాడు లాగుతుంటే మొదట బరువు పెరుగుతుంది, ఒక చోట చక్రం తిరిగి, బరువంతా ఒక్కసారి జారిపోతుంది. యాభై పౌనుల విల్లయినా పూర్తిగా లాగాక చేతిలో మిగిలేది పది పౌనులే. అందుకే వేటగాళ్ళకు ఇవి కావాలి. జంతువు పక్కకు తిరిగేదాకా లాగి పట్టుకుని ఆగవచ్చు. కానీ ఆ చక్రం ఆగే చోటు ఒకటే ఉంటుంది. దాన్ని వేసేవాడి చేతుల పొడవుకు సరిపెడతారు. జాకెట్టు కుట్టించుకున్నట్టే, ఒకరి కొలతకు పెట్టిన విల్లు ఇంకొకరికి పట్టదు.

పాతది 2012లో కొన్నది. పొడవు ముప్ఫై నాలుగు అంగుళాలు, బరువు నాలుగు పాయింట్ మూడు పౌన్లు, లాగుడు ఇరవై తొమ్మిదిన్నర అంగుళాలకు పెట్టినది. కొత్తది 2017లోది. పొడవు ముప్ఫై ఒకటి, బరువు మూడు పాయింట్ తొమ్మిది పౌన్లు, లాగుడు ఇరవై ఎనిమిదిన్నర. వేటకు పొట్టి విల్లు మేలు, పొదల్లో తగలదు. పొడవాటిది చేతిలో కదలకుండా నిలుస్తుంది. శబ్దంలో కొత్తది తక్కువ. ఇదంతా మైదానంలో ఎవరైనా చెబుతారు. నా దగ్గర ఇంకొకటి ఉంది. ఏ ఆదివారం ఏ విల్లుతో ఎన్ని బాణాలు ఎక్కడ పడ్డాయో మూడు నోటు పుస్తకాల్లో రాసి ఉంది.

నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఒక ఫ్యాక్టరీలో కొలతల విభాగంలో పనిచేశాను. వెంట్రుకలో పదోవంతు తేడా ఉన్నా ఆ ముక్కను పక్కన పెట్టడం నా పని. మా ఆయన తువాస్‌లో ఓడలకు ఇనుపతాళ్ళు బిగించేవాడు. రోజూ బూన్ లే నుంచి కంపెనీ బస్సులో పోయి, ఒళ్ళంతా గ్రీజుతో వచ్చేవాడు. ఆయన పుట్టింది సరిహద్దు అవతల జొహోర్‌లో ఒక రబ్బరు తోటలో. వాళ్ళ నాన్న తోటలోకి దిగిన అడవి పందుల వెంట ఈటె పట్టుకుని పోయేవాడట. ఆ కథ పెళ్ళయిన వారంలోనే విన్నాను. తర్వాత ఆయన రిటైరయ్యేదాకా ముప్ఫై ఆరేళ్ళు వింటూనే ఉన్నాను. ఇక్కడ పందులకేం కొదవ లేదు, బస్టాపు దాకా వస్తాయి. అయితే వాటి మీద చెయ్యి వేస్తే నేరం. మా ఆయన రిటైరైన నెలలో షిప్‌యార్డు స్నేహితుడొకాయన పిలిచాడు. ఆయన ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్‌లో పొలం కొనుక్కుని స్థిరపడ్డాడు. అక్కడ పొలాలు పాడుచేసే పందుల్ని విల్లుతో వేటాడవచ్చు. ఆ రాత్రే మా ఆయన విల్లు కొంటానన్నాడు.

“అరవై రెండేళ్ళకి బాణాలా?” అన్నాను.

“ఏం, ఇన్‌స్పెక్టరమ్మా, వయసు ఎక్కువైందని నన్నూ రిజెక్ట్ డబ్బాలో వేస్తావా?” అన్నాడు.

లాగుడు పొడవు తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. రెండు చేతులూ బార్లా చాపి, ఒక వేలి కొస నుంచి ఇంకో వేలి కొసకు కొలిచి, రెండున్నరతో భాగించాలి. 2012 జూన్ 16, శనివారం, వంటింట్లో ఆయన్ని నిలబెట్టి నేనే కొలిచాను. గుడ్డ టేపు సాగుతుంది, దాన్ని నేను నమ్మను. పూలు కట్టే దారం తీసుకుని ఆయన వేళ్ళ మీదుగా సాచి, తెంపి, ఆ దారాన్ని ఫ్యాక్టరీ నాటి ఉక్కు స్కేలు మీద పరిచాను. నూట ఎనభై ఏడు సెంటీమీటర్లు. భాగిస్తే ఇరవై తొమ్మిదిన్నర అంగుళాలు. మైదానంలో చైనీయుడు మళ్ళీ కొలవబోతే మా ఆయన ఒప్పుకోలేదు. “మా ఆవిడ కొలిచింది. ఇక దానికి పైకోర్టు లేదు,” అన్నాడు. ఆ మాటకు ఆ రోజంతా నేను గర్వపడ్డాను.

మరుసటి ఏడు సెప్టెంబరులో ఆయన ఒక్కడే క్వీన్స్‌లాండ్ వెళ్ళాడు. పదకొండు రోజులు. నాలుగో రోజు ఇరవై రెండు మీటర్ల దూరంలో ఒక పెద్ద పంది వచ్చి నిలబడిందట. లాగాడు. పట్టుకున్నాడు. దింపేశాడు. ఎంత లాగినా విల్లు ఇంకా కొంచెం అడుగుతున్నట్టుందనీ, భుజం వెనక్కి పోతోందనీ, బాణం ఎటు పోతుందో నమ్మకం లేకపోయిందనీ చెప్పాడు. గురి తప్పిన బాణంతో జంతువు మూడు రోజులు తిరిగి చస్తుంది, అది వేట కాదన్నాడు. అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాడు. అన్నం తినే పళ్ళెమంత గుండ్రం, ముప్ఫై మీటర్ల దూరం, పది బాణాలు. వరసగా మూడు ఆదివారాలు పదికి పదీ ఆ గుండ్రంలో పడితేనే మళ్ళీ వెళ్ళాలి. ఈసారి నన్ను కూడా తీసుకెళ్తానన్నాడు. చెట్టు మీద కట్టిన మంచె మీద, తెల్లవారుజామున, ఇద్దరమూ మాట్లాడకుండా కూర్చోవాలట.

“నాలుగు గంటలు మాట్లాడకుండా నువ్వు ఉండగలవా?”

“మీరు ఉండగలరా అని అడగండి,” అన్నాను.

నాకు ఆ మంచె మీద ఎంత ఆశ పుట్టిందో ఆయనకు చెప్పలేదు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన ఒక షిఫ్టు, నేనొక షిఫ్టు. ఇద్దరమూ ఒకే చోట, ఒకే వైపు చూస్తూ, చేయవలసిన పనేమీ లేకుండా నాలుగు గంటలు కూర్చున్న రోజు ఒక్కటి కూడా గుర్తు లేదు. బూట్లు కొనుక్కున్నాను.

పాత విల్లుతో రెండు వందల పదకొండు ఆదివారాలు వేశాడు. గుండ్రంలో పడ్డవి సగటున పదికి ఆరు పాయింట్ ఎనిమిది. పదికి పది పడినవి నాలుగే ఆదివారాలు, ఒకదానికొకటి ఎంతో దూరంలో. తక్కినవన్నీ ఎడమకు పోయేవి. “నా చేతిలోనే ఏదో ఉందే. ఇనుపతాళ్ళు లాగిన చెయ్యి, దీనికి నాజూకు తెలీదు,” అనేవాడు. భుజానికి నూనె రాసేదాన్ని. ఇంకొంచెం జాగ్రత్తగా వేయమని నేనూ అనేదాన్ని. ఎన్నిసార్లన్నానో మాత్రం రాసుకోలేదు.

2017 ఏప్రిల్‌లో కొత్త విల్లు కొన్నప్పుడు నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. చైనీయుడే ఆయన్ని గోడకు ఆనించి కొలిచాడు. నూట ఎనభై. అంటే ఇరవై ఎనిమిదిన్నర అంగుళాలు. నా పుస్తకంలో ఆ అంకె పక్కన “వయసు వల్ల తగ్గింది” అని రాశాను. మనిషి ముసలివాడయ్యాక వంగుతాడు, కుంచించుకుపోతాడు, అందులో వింతేముందనుకున్నాను.

కొత్త విల్లుతో నూట ముప్ఫై ఎనిమిది ఆదివారాలు. సగటు ఎనిమిది పాయింట్ తొమ్మిది. 2020 జనవరి 5, 12, 19, మూడు ఆదివారాలూ పదికి పది. ఆ మూడో రోజు ఆయన విల్లు చైనీయుడి చేతిలో పెట్టి, నా రెండు భుజాలూ పట్టుకుని ఊపాడు. అందరూ చూస్తున్నారని కూడా చూడలేదు. ఏప్రిల్ 24కి టిక్కెట్లు తీసుకున్నాం. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. అవి మళ్ళీ ఎగిరేసరికి ఆయన గుండెకు రెండు గొట్టాలు వేశారు. విల్లు లాగకూడదన్నారు.

అందుకే నాకు కొత్తది కావాలి. ఆ మూడు ఆదివారాలూ అందులో ఉన్నాయి.

జూలై 12, శనివారం ఉదయం ఆ అమ్మాయి వచ్చింది. క్లెమెంటిలో ఉంటుందట, బ్యాంకులో కంప్యూటర్ పని, గుంటూరు వైపు పిల్ల. వచ్చీ రాగానే నా పుస్తకాలు చూసి కళ్ళు పెద్దవి చేసింది.

“ఆంటీ, ఇంత డేటానా! మా ఆఫీసులో కూడా ఇంత నీట్‌గా ఉండదండీ.”

“నీకు వేట ఎవరు నేర్పారమ్మా?”

“మా ఆయన ఫ్రెండ్స్ పిలిచారండీ. అక్కడ మేకలు ఎక్కువైపోయాయంట. మా అమ్మకి చెప్తే ‘నువ్వు బొద్దింకని చూస్తేనే మంచమెక్కుతావు కదే’ అంది.”

చైనీయుడు నవ్వాడు. ఎందుకు నవ్వాడో, తెలుగు రాదు ఆయనకు.

ఒక విల్లుతో పదీ వేసి, తర్వాత రెండోదానితో పది వేస్తే ఆ పోలిక చెల్లదు. చెయ్యి అలిసిపోయి ఉంటుంది. అందుకని ఒకటి దీనితో, ఒకటి దానితో, మార్చి మార్చి వేయాలని, అవే బాణాలు వాడాలని చెప్పాను. అయితే ముందు రెండు విల్లులూ ఆమె కొలతకు తిప్పాలి. అదీ నాకు కష్టంగానే ఉంది. తిప్పితే ఆయన కొలత పోతుంది. ఏం చేస్తాం, తిప్పకుండా ఆమె లాగలేదు.

“రా అమ్మా, చేతులు చాపు,” అని సంచిలోంచి దారం తీశాను.

ఆమె చేతులు చాపి నిలబడింది. నేను దారం ఆమె ఎడమ వేలి కొస నుంచి ఛాతీ ముందుగా కుడి వేలి కొస దాకా సాచి, తెంపబోయాను. ఆమె తల తిప్పి నా చేతి వైపు చూసి కిసుక్కున నవ్వింది.

“ఆంటీ, అది నా వేలు దాటిపోయిందండీ. మా అమ్మమ్మ పూలు కొలిచేటప్పుడు ఇలాగే కొసరేస్తుంది!”

“ఏది దాటింది?”

“అదిగో, మీ రెండు వేళ్ళు. ఆ పక్కన కూడా వదిలారు.”

చూసుకున్నాను. నా చూపుడు వేలు, మధ్య వేలు ఆమె వేలి కొస పక్కన ఆనించి ఉన్నాయి. వాటికి అవతల దారం పట్టుకున్నాను. ఎడమ కొస దగ్గర ముడి కూడా అంతే దూరంలో ఉంది.

చైనీయుడు ఆమెను గోడకు నిలబెట్టి ఇనుప టేపుతో కొలిచాడు. నూట అరవై మూడు. నా దారం స్కేలు మీద పరిస్తే నూట డెబ్భై.

“ఆంటీ, మీది సెవెన్ సెంటీమీటర్ ఎక్కువ లా,” అన్నాడు. “నో వరీస్, టేప్ ఉంది కదా.”

నేను అక్కడున్న బల్ల మీద కూర్చున్నాను. మొదటి పుస్తకం తీసి మొదటి పేజీ చూశాను. మూడో పుస్తకం తీశాను. నూట ఎనభై ఏడు. నూట ఎనభై. తీసివేత కూడా చేయనవసరం లేదు.

మా అమ్మ తేకా పసార్ అనే బజారులో పూలు అమ్మేది. మూరల లెక్కన. నాకు ఏడేళ్ళప్పుడు మొదటిసారి దండ కొలవనిచ్చింది. నేను మోచేతి నుంచి వేలి కొసకు సరిగ్గా కొలిచి కత్తిరించబోతే, చేతి మీద చరిచింది. “అలా పిసినారిలా కోస్తారటే? రెండు వేళ్ళు వదిలి కొయ్యి. పూలు అడిగిన ఆడకూతురు మన కొసరు చూసి మళ్ళీ రావాలి.” ఫ్యాక్టరీలో ఉక్కు మీద కొలిచినప్పుడు నా చేతికి ఆ పాఠం గుర్తు రాలేదు. మైక్రోమీటరులో దారం లేదు కదా. దారం పట్టుకుంటే చాలు, ఆ చెయ్యి మా అమ్మది. పూలకు ఒక కొసే కొసరు. మనిషికి రెండు కొసలుంటాయి కాబట్టి రెండు వైపులా వదిలాను. నాలుగు వేళ్ళు. ఏడు సెంటీమీటర్లు. విల్లు మీద ఒక అంగుళం.

“అంకుల్‌ని నేను మొదటి సంవత్సరమే చూశాను,” అన్నాడు చైనీయుడు, నా ముఖం చూసి మెల్లగా. “వెనక్కి వాలుతున్నాడు, లాంగ్ అవుతోంది అన్నాను. వినడు లా. ‘మై వైఫ్ మెషర్’ అంటాడు. రెండుసార్లు అన్నాను, మూడోసారి ఊరుకున్నాను. కస్టమర్ కదా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మీకా?” అని ఆయన చేతులెత్తాడు. “ఆంటీ, మీకు ఎవరు చెప్తారు?”

చేతుల బార వయసుతో తగ్గదు. నడుం వంగుతుంది, ఎత్తు తగ్గుతుంది, బార మాత్రం అంతే ఉంటుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసీ పుస్తకంలో “వయసు వల్ల తగ్గింది” అని రాశాను. ఫ్యాక్టరీలో ఇంకొకరు అలా రాస్తే కాగితం వెనక్కి పంపేదాన్ని. ఒకే వస్తువుకు రెండు కొలతలు వేరుగా వస్తే ముందు కొలిచినవాళ్ళను అనుమానించాలి, తర్వాత వస్తువును.

నాలుగేళ్ళ పది నెలలు. రెండు వందల పదకొండు ఆదివారాలు ఆయన తన చేతిని తిట్టుకున్నాడు. మొదటి రోజునే సరిగ్గా కొలిచి ఉంటే ఆ సగటు మొదట్లోనే వచ్చేది. ఎంత ఆలస్యంగా లెక్క వేసినా 2015కి మూడు ఆదివారాలూ దొరికేవి. విమానాలు ఎగురుతున్నాయి, గుండె బాగుంది. ఆ మంచె మీద కూర్చునేవాళ్ళం.

ఇప్పుడు నాకు కావలసింది ఒక్క నిమిషం. ఆయన్ని వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి, ఏవండీ, తప్పు మీ చేతిది కాదండీ అని చెప్పాలి. నవ్వుతాడో, కోప్పడతాడో నాకు తెలియదు. నలభై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి ఈ ఒక్క మాటకు ఏమంటాడో ఊహించలేకపోతున్నాను.

“ఆంటీ, మంచినీళ్ళు తాగుతారా?” అంది ఆ అమ్మాయి. ఆమెకు ఏమీ అర్థం కాలేదు, కానీ నవ్వు మానేసింది. ఆమెకు చెప్పాను. అంతా కాదు, కావలసినంత.

“నేను నీకు చూపించిన సగటులు చెల్లవమ్మా. పాత విల్లు చెడ్డది కాదు. దాన్ని తప్పు కొలతకు పెట్టి వాడించాను. నువ్వు పుస్తకం చూసి ఎంచుకోవద్దు. నీ చేతితో ఎంచుకో.”

ఆమె రెండు విల్లులనూ ఒక్కొక్క చేత ఎత్తి చూసింది. పాతదాన్ని పట్టుకుని చెయ్యి చాపి నిలబడితే అరనిమిషంలో ముంజేయి వణికింది. కొత్తది నిలిచింది.

“నాకు ఇది తేలిగ్గా ఉందండీ. కానీ ఆంటీ, మీరు కొత్తదే ఉంచుకుందామనుకున్నారు కదా. ఇందాక మీరు దీన్ని తుడుస్తుంటే చూశాను. పర్లేదండీ, నేను పాతదానితో ప్రాక్టీస్ చేసుకుంటా.”

“వద్దు. తీసుకో.”

“నిజంగానా?”

“నిజంగానే. నీకు బరువైనదాన్ని నీకు ఇస్తే ఆ మేక మూడు రోజులు తిరిగి చస్తుంది.”

కొత్త విల్లు చక్రాన్ని ఆమె కొలతకు తిప్పుతుంటే నేను చూడలేదు. బయటికి వెళ్ళి గడ్డి మీద నిలబడ్డాను. లోపలి నుంచి మొదటి బాణం గురికి కట్టిన గుడ్డకు తగిలిన చప్పుడు వినిపించింది. ఆమె “యెస్!” అని అరిచింది. మంచి చప్పుడే.

ఆమె వెళ్ళిపోయాక పాత విల్లును చైనీయుడి బల్ల మీద పెట్టాను.

“దీన్ని ఇరవై ఎనిమిదిన్నరకు తిప్పండి.”

“ఎవరికి ఆంటీ?”

“అంకుల్‌కి.”

ఆయన నన్ను చూశాడు, తల ఊపాడు. విల్లును బిగింపులో పెట్టి నొక్కాడు. తాడు వదులై వేలాడింది. చక్రం మీది చిన్న బిళ్ళ విప్పి, రంధ్రం మార్చి, మళ్ళీ బిగించాడు. పద్నాలుగు నిమిషాలు పట్టింది. టేపు పెట్టి నాకు చూపించాడు. ఇరవై ఎనిమిదిన్నర. నేను స్వయంగా ఇంకోసారి కొలిచాను, టేపుతో.

తర్వాత ఆయన తాడు మధ్యలో ఉన్న చిన్న నల్ల ఉంగరాన్ని వేలితో తట్టాడు. లాగి పట్టుకున్నప్పుడు ఆ ఉంగరంలోంచి చూసి గురి పెడతారు. అది సరిగ్గా కంటి ఎదురుగా రావాలి.

“లాగుడు మారింది కదా ఆంటీ, ఇది కూడా జరగాలి. కానీ దీనికి లెక్క లేదు. మనిషి నిలబడి, కళ్ళు మూసుకుని లాగి, తెరవాలి. కన్ను ఎక్కడుంటే అక్కడ కడతాను.”

“కొత్త విల్లు మీద ఎక్కడుండేదో చూస్తే?”

“అది పొట్టి విల్లు, తాడు వేరే కోణంలో వస్తుంది. సేమ్ రాదు. ఉజ్జాయింపుగా కట్టమంటే కడతాను. ఐదు మిల్లీమీటర్లు అటూ ఇటూ.”

ఆయన ఎత్తు నాకు తెలుసు. కాలర్ కొలత తెలుసు, చెప్పుల సైజు తెలుసు, కళ్ళజోడు నంబర్లు ఏ సంవత్సరం ఎంతో చెప్పగలను. విల్లు పూర్తిగా లాగి, చెంపకు చెయ్యి ఆనించి, తల కొంచెం వంచినప్పుడు ఆయన కుడి కన్ను తాడు మీద ఎక్కడికి వచ్చేదో నేను కొలవలేదు. మూడు వందల నలభై తొమ్మిది ఆదివారాలు ఆయన వెనకే, కుర్చీలో, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. బాణం ఎక్కడ పడిందో చూశాను.

“కట్టవద్దు,” అన్నాను. “తీసేయండి.”

ఆయన దారం కోసి ఆ ఉంగరాన్ని తీశాడు. చీలిన తాడు పోగులు ఒకదానికొకటి దగ్గరికి వచ్చి కలిసిపోయాయి. మూడో పుస్తకంలో కొత్త వరస వేసి తారీఖు రాశాను. పాత విల్లు, లాగుడు ఇరవై ఎనిమిదిన్నర. మార్పుకు కారణం: మొదటి కొలత తప్పు, కొలిచింది నేను. కన్ను అని కొత్తగా ఒక గడి గీసి, అందులో ఏమీ రాయలేదు.